లాసన్స్ బేలో 2016 పెట్రోలు స్విఫ్ట్: కొనే ముందు ఏమేం చూడాలి?

ఎంవీపీ టీచర్

నమస్కారమండీ. నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఇల్లు విశాఖ ఎంవీపీ కాలనీలో, బడి ఆనందపురం దాటాక. ఇన్నాళ్లూ స్కూటరు మీదే తిరిగాను. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ముదిరాక ఆటో ఎక్కడం, దిగడం ఆయనకు గండంగా మారింది. అందుకని నాలుగు లక్షల లోపు ఒక పాత పెట్రోలు కారు కొందామనుకుంటున్నాను. రోజుకు రానూ పోనూ యాభై కిలోమీటర్లు మించవు కాబట్టి డీజిలు వద్దనుకున్నాను.

ఇప్పటికి రెండు కార్లు చూశాను. మొదటిది 2016 స్విఫ్ట్. 62 వేల కిలోమీటర్లు తిరిగింది, ఒకే యజమాని. లాసన్స్ బే కాలనీలో సముద్రానికి ఎదురుగా ఉన్న అపార్టుమెంటు వారిది. 3 లక్షల 85 వేలు చెబుతున్నారు. ఏటా సంపత్ వినాయక గుడి దగ్గర పూజ చేయిస్తారట, కారుకు ఒక్క గీత కూడా పడలేదట. రంగు నిజంగానే అద్దంలా మెరుస్తోంది. నేను వెళ్లేసరికి ఇంజిను ఆన్ చేసి, ఏసీ వేసి, లోపల చల్లగా చేసి ఉంచారు. ఎంత మర్యాదో అనుకున్నాను. బయటికి వచ్చాక మా మరిది, "వదినా, మనం రాకముందే బండి ఎందుకు స్టార్టు చేసి పెట్టారు?" అన్నాడు. అప్పటి నుంచి ఆ మాటే బుర్రలో తిరుగుతోంది.

రెండోది 2019 వ్యాగన్ ఆర్. గాజువాక వైపు పాత కార్లు అమ్మే ఒక వ్యాపారి దగ్గర ఉంది. 41 వేలు తిరిగిందట. 3 లక్షల 40 వేలకే ఇస్తామంటున్నారు. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, లోపల గుప్పుమనే సెంటు వాసన. ఏ ఊరి బండి అని అడిగితే, "ఏపీ 39 కదమ్మా, మన బండే" అన్నారు.

నాకు నడపడం వచ్చు. కానీ బానెట్టు ఎత్తితే వైపర్ల నీళ్ల డబ్బా తప్ప ఇంకేదీ గుర్తుపట్టలేను. మెకానిక్కును తీసుకువెళ్లమని అందరూ అంటున్నారు. తీసుకువెళతాను. కానీ ఆయనను పిలిచేలోపు, నాలాంటి మనిషి సొంతంగా ఏం చూడగలదో చెప్పండి. పెట్రోలు ఇంజిను బాగుందో లేదో తెలుసుకోవడం ఎలా?


మధురవాడ కుర్రాడు

టీచర్ గారూ, ఈ రోజుల్లో ఇంజినును చెవి పెట్టి వినడం ఎందుకండీ? 2016 కారుకు స్టీరింగు కింద, కారు కంప్యూటరును చదవడానికి ఓబీడీ సాకెట్టు ఉంటుంది. బ్లూటూత్ స్కానరు కొని దానికి గుచ్చితే కారులోని లోపాలన్నీ కోడ్ల రూపంలో ఫోనులోకి వచ్చేస్తాయి. కోడ్లు లేకపోతే కళ్లు మూసుకుని కొనేయండి. కావాలంటే నా స్కానరు అరువిస్తాను.


ఉక్కునగరం రిటైర్డ్

కళ్లు మూసుకుని కొనడానికే అయితే ఆవిడ ఇక్కడ అడగడం ఎందుకు నాయనా? నీ స్కానరు సంగతికి తరువాత వస్తాను.

అమ్మా, మీ మరిది అడిగిందే అసలు ప్రశ్న. ఎండాకాలంలో ఏసీ వేసి ఉంచడం మర్యాదే కావచ్చు. చల్లటి ఇంజినులో బయటపడే లోపాన్ని దాచడమూ కావచ్చు. ఏదో తేల్చుకోవడానికి మీకయ్యే ఖర్చు ఒక ఉదయపు నిద్ర.

నేను ఉక్కు కర్మాగారంలో మెయింటెనెన్సు విభాగంలో 31 ఏళ్లు పనిచేసి దిగాను. కార్ల మెకానిక్కును కాను. బంధువులకు, స్నేహితులకు ఇప్పటికి పదకొండు పాత కార్లు చూసిపెట్టాను. తొమ్మిది చక్కగా నడిచాయి. ఒకటి పర్వాలేదు. మిగిలింది మా అల్లుడికి కొనిపెట్టింది. ఆ కథ కూడా చెబుతాను, ఎందుకంటే నాకు వచ్చిన విద్యలో సగం దాని పుణ్యమే.

మీరు ఇంజిను గురించి అడిగారు. నేను మాత్రం కింద నుంచి మొదలుపెట్టమంటాను. మన ఊళ్లో, అందులోనూ లాసన్స్ బేలో నిలిపిన కారులో మనను మోసగించేది ఇంజిను కాదు, రేకు. 62 వేలు తిరిగిన పెట్రోలు ఇంజినుకు వేళకు ఆయిలు మార్చి ఉంటే దాని వయసు ఇంకా సగం కూడా అయి ఉండదు. ఏదైనా పాడైనా ఆటోనగర్‌లో విడిభాగం దొరుకుతుంది. రేకు పోతే కోసి అతకాలి. అతికిన చోట మళ్లీ అదే సముద్రపు గాలి తగులుతుంది.

అలల మీది గాలిలో కంటికి కనిపించని ఉప్పు తుంపర ఉంటుంది. ఉప్పు తేమను పీల్చుకుంటుంది కదా, అందుకని వాన లేని రోజున కూడా రాత్రంతా రేకు తడిగానే ఉంటుంది. రంగు గట్టిగా ఉన్నంత వరకు ఏమీ కాదు. రాయి తగిలి పెచ్చు లేచిన చోట, రెండు రేకులను కలిపి అతికిన అంచులో, చక్రాల పైన బురద పట్టి ఆరని మూలలో తుప్పు మొదలవుతుంది. అది లోపలి నుంచి బయటికి వస్తుంది. పైన మీకు శనగగింజంత బుడగ కనిపించేసరికి లోపల రేకు అప్పడంలా మారి ఉంటుంది. కాబట్టి పైన రంగు మెరుస్తోందన్న మాటను నేను లెక్కలోకే తీసుకోను. తొమ్మిదేళ్లు దాటిన కారు సముద్రం ఎదుట నిలబడి అద్దంలా మెరుస్తోందంటే, ఎప్పుడు మెరిపించారన్నదే నా సందేహం.

మీ బడిలో సైన్సు ప్రయోగశాల ఉంటుంది కదా. అక్కడి నుంచి ఒక చిన్న అయస్కాంతం తీసుకోండి. రంగు గీసుకుపోకుండా మెత్తటి గుడ్డలో చుట్టండి. తలుపుల కింద గడపలా పొడవునా ఉండే రేకు ఉంటుంది, షెడ్లలో దానిని రన్నింగ్ బోర్డు అంటారు. ముందు దాని మీద, తరువాత చక్రాల పైనుండే వంపు అంచుల మీద, తలుపుల అడుగు భాగం మీద జానెడుకొకచోట పెట్టి చూడండి. ఒకచోట గట్టిగా పట్టుకుని పక్కనే జారిపోయిందంటే అక్కడ లప్పం పూసి రంగు వేశారన్నమాట. బంపర్లు ప్లాస్టిక్కువి, వాటికి ఎలాగూ పట్టదు, కంగారు పడకండి. తలుపు అడుగు అంచులో నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితోనో రంగుతోనో పూడిపోయి ఉంటే తలుపు లోపల నీళ్లు నిలిచాయి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింది గుంట చూడండి. అమ్మేవారు ఎక్కువమంది అక్కడ తుడవడం మరచిపోతారు.

కింద ఎలా చూడాలంటారా? చీర కట్టుకుని రోడ్డు మీద పడుకోమనను. వాటర్ సర్వీసింగు షెడ్డుకు తీసుకువెళ్లి, కడగడం ఖర్చు నాదే అని చెప్పి ర్యాంపు ఎక్కించండి. యజమానికీ అభ్యంతరం ఉండదు. కడిగేటప్పుడు మీరు కింద టార్చి వేసుకుని తిరగవచ్చు. రేడియేటరు కింద అడ్డంగా ఉండే పట్టీ, బ్రేకుల సన్నటి గొట్టాలు, సైలెన్సరు అతుకులు చూడండి. సైలెన్సరు పైపైన ఎర్రబడటం మామూలే, భయపడనక్కరలేదు. కింద అంతా కొత్తగా నల్లటి తారులాంటి పూత పూసి ఉంటే మాత్రం, అది ఎప్పుడు పూయించారో బిల్లు చూపించమనండి. కొత్తలో పూయించినదయితే అదృష్టం. మొన్న పూయించినదయితే అది తుప్పు మీద కప్పిన దుప్పటి.

ఇక ఇంజిను. ముందురోజు రాత్రి ఫోను చేసి, "ఉదయం ఆరున్నరకు వస్తాను, నేను వచ్చేవరకు తాళం తిప్పకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్టు మీద అరచేయి పెట్టండి. చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే టీ తాగి ఇంటికి వచ్చేయండి, మరో రోజు చెప్పకుండా వెళ్లండి.

చల్లగా ఉంటే, స్టార్టు చేయకముందే మూడు మూతలు చూడాలి. ఆయిలు కొలిచే పుల్ల తీసి తెల్లటి గుడ్డకు తుడవండి. ఆయిలు నల్లగా ఉన్నా ఫర్వాలేదు, రెండు గీతల మధ్య ఉండాలి. ఆయిలు పోసే మూత తిప్పి లోపలి వైపు చూడండి. పాలమీగడలాంటి తెట్టు మందంగా ఉంటే ఆయిలులో నీరు కలుస్తోందని అనుమానించాలి. పొద్దున్నే ఇంటి నుంచి సందు చివరి వరకు మాత్రమే తిరిగే కార్లకు వానాకాలంలో కొంచెం పట్టడం ఉంది, కానీ అమ్మే మనిషి కారు రోజూ తిప్పుతానంటే అలా ఉండకూడదు. మూడోది ఇంజినును చల్లబరిచే కూలెంటు డబ్బా. లోపల రంగు నీళ్లుండాలి, తుప్పు నీళ్లు కాదు. పైన నూనె తెట్టు అసలే ఉండకూడదు.

తరువాత తాళం ఒక మెట్టు తిప్పి ఆపండి. డ్యాష్ బోర్డులో ఇంజిను బొమ్మ, ఆయిలు బొమ్మ, గాలిసంచులున్న కారయితే వాటి బొమ్మ వెలగాలి. ఇంజిను నడవడం మొదలయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే ఎవరో దీపం పీకేశారు. ఇలాంటివి చూశాను కాబట్టి చెబుతున్నాను.

స్టార్టు చేసేటప్పుడు మీరు బండిలో కూర్చోకండి. మరిదిని కూర్చోబెట్టి మీరు సైలెన్సరు వెనక నిలబడండి. తెల్లటి ఆవిరి కాసేపు వచ్చి పోతే మంచిదే, నాలుగు నీటి చుక్కలు రాలినా మంచిదే. నీలిరంగు పొగ వస్తే ఇంజిను ఆయిలు తాగుతోంది. రాత్రంతా నిలిపి ఉంచితే వాల్వుల సీళ్ల నుంచి ఆయిలు కిందికి జారి పొద్దున్న మొదటి స్టార్టులోనే కాలుతుంది. ముందే వేడి చేసి ఉంచితే ఆ పొగ మీ కంటపడదు. మీ మరిది అనుమానం ఇదే. ఇంకొకటి, ఆ స్విఫ్ట్ 1.2 లీటర్ల ఇంజినుకు వాల్వులను వేళకు తెరిపించే టైమింగు బెల్టు ఉండదు, దాని బదులు గొలుసు ఉంటుంది. ఇన్ని వేలకు మార్చాలన్న లెక్క లేదు. అయితే ఆయిలు మార్చకుండా తిప్పిన బండిలో అది సాగి, మొదటి కొన్ని క్షణాలు చిల్లర డబ్బా ఊపినట్టు గలగలమంటుంది. అది కూడా పొద్దున్నే వినిపిస్తుంది.

ఏసీ వేసి పావుగంట నిలిపి ఉంచండి. ఉష్ణోగ్రత పెరిగి ఒకచోట నిలవాలి, ఫ్యాను తిరుగుతూ ఆగుతూ ఉండాలి. గొట్టాల దగ్గర పెట్రోలు వాసన వస్తుందేమో చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు, పాత కార్ల రబ్బరు గొట్టాలను దానిని దృష్టిలో పెట్టుకుని చేయలేదు. మైలేజి ఒకటి రెండు తగ్గినట్టు తోస్తే దానిని మాత్రం అమ్మేవారి మోసం కింద జమకట్టకండి.

నడిపి చూడటానికి బీచ్ రోడ్డు వద్దు. అక్కడ ఏ కారయినా మంచి కారే. సింహాచలం కొండ ఎక్కించండి. ఎక్కేటప్పుడు మూడో గేరులో నలభై మీద యాక్సిలరేటరు గట్టిగా తొక్కండి. ఇంజిను హోరు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగిపోయింది. దిగేటప్పుడు రెండో గేరులో, యాక్సిలరేటరు మీద కాలు తీసేసి కొంతదూరం రానివ్వండి. తరువాత ఒక్కసారి తొక్కండి. మరిది వెనకాల స్కూటరు మీద వస్తూ చూడాలి. అప్పుడు గుప్పున నీలిపొగ వస్తే మళ్లీ ఆ వాల్వు సీళ్ల సంగతే. దర్శనం కూడా అయిపోతుంది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడానికి నేను వ్యతిరేకిని కాను, మా ఇంట్లోనూ తొక్కిస్తాం. కానీ కొన్నాక.

ఇక మా అల్లుడి కారు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది. ఆ తరువాతి వేసవిలో ఒక 2011 పెట్రోలు కారు కొన్నాం. ఇంజిను గడియారంలా నడిచేది. నేను ఇంజినుకే మురిసిపోయాను. మొదటి వానకు అల్లుడు నెత్తి తడిసింది. పైకప్పు అంచు నుంచి ధార. లోపలి గుడ్డ విప్పించి చూస్తే కప్పు రేకు అంతా సుత్తితో కొట్టి నిలబెట్టినదే. తుపానులో చెట్టు పడి నుజ్జయిన కారది. అప్పుడు ఆటోనగర్‌లో ఒక ముసలి టింకరు నాకు అద్దాలు చూపించాడు. ప్రతి అద్దం మూలన తయారీదారు ముద్ర, దాని కింద సంవత్సరాన్ని సూచించే గుర్తు ఉంటాయి. నాలుగు తలుపుల అద్దాలు ఒక ఏటివి, ముందు అద్దం, వెనక అద్దం రెండూ వేరే ఏటివి. ముందు అద్దం ఒక్కటే మారితే రాయి తగిలిందనుకోవచ్చు. రెండూ ఒకేసారి మారాయంటే పైన ఏదో పడింది. ఆ ముద్రలు నేను కొనే రోజున కూడా అక్కడే ఉన్నాయి. చూడలేదు. మూడేళ్లు ప్రతి వానకూ మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, వాన పడుతోంది" అని పెట్టేసేది.

వ్యాగన్ ఆర్ గురించి వేరేవారు చెబుతారు. నాకు ఆ సెంటు వాసన నచ్చలేదు.


కంచరపాలెం స్కూటర్

ఆ వేరేవారిని నేనే. ఒకప్పుడు నాకూ కారుండేది, ఇప్పుడు స్కూటరు ఉంది.

2024 డిసెంబరులో ఒక వ్యాపారి దగ్గర అయిదేళ్ల పెట్రోలు కారు కొన్నాను. నాకూ "ఏపీ 39, మన బండే" అనే చెప్పారు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఆ ఒక్క వరుసే ఇస్తూ వచ్చారండీ. అంతకుముందు ఏపీ 31 అంటే విశాఖ, ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా అని పలక చూసి చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు ఆర్సీ తీసి, మొదట ఏ కార్యాలయంలో నమోదయిందో, మొదటి యజమాని చిరునామా ఏదో చదవాలి. నేను చదవలేదు. నాది విజయవాడ బండి. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి కదా, ఆ నీళ్లలో ఉన్న బండి.

మొదటి నెల ఏ ఇబ్బందీ లేదు. రెండో నెలలో ఎడమ కిటికీ అద్దం దిగడం మానేసింది. తరువాత హారను దానంతట అదే మోగడం మొదలుపెట్టింది, అదీ రాత్రి రెండు గంటలకు. వీధిలో వాళ్లందరూ నన్ను గుర్తుపట్టడం అప్పటి నుంచే. తరువాత గాలిసంచుల దీపం ఆరడం మానేసింది. సీట్ల కింద కార్పెట్టు లేపితే వైర్ల జాయింట్లన్నీ పచ్చటి చిలుము. ఒకటి మారిస్తే ఇంకొకటి. మొత్తం 78 వేలు పోసి, చివరికి నష్టానికి వదిలించుకున్నాను. ఇంజిను మాత్రం ఏనాడూ మొరాయించలేదు, పెద్దాయన చెప్పినట్టే.

టీచర్ గారూ, మీరు చేయవలసింది ఒక్కటే. సీటు బెల్టును పూర్తిగా, ఆఖరి అంగుళం వరకు బయటికి లాగండి. సీటు కవర్లు మారుస్తారు, మ్యాట్లు మారుస్తారు. బెల్టు లోపల చుట్టుకుని ఉన్న భాగాన్ని కడగడం ఎవరికీ గుర్తుండదు. తరువాత సీటు ముందుకు జరిపి, పట్టాల చివర బోల్టులు చూడండి. పైకప్పు కింద, వాన తగలని చోట బోల్టుకు తుప్పు ఎందుకు పడుతుంది?


మధురవాడ కుర్రాడు

పెద్దాయనా, ఒక్క మాట. స్కానరు కోడ్లు చూపించడం వరకే కాదు. ఎవరైనా అమ్మే ముందు కోడ్లు చెరిపేస్తే, కారు తనను తాను పరీక్షించుకునే పట్టిక అంతా "అసంపూర్తి" అని చూపిస్తుంది. కొన్నాళ్లు రకరకాలుగా నడిపితే తప్ప అది నిండదు. ఇంకొకటి, స్టార్టు చేయకముందు కూలెంటు ఉష్ణోగ్రత, లోపలికి పీల్చే గాలి ఉష్ణోగ్రత రెండూ చూడవచ్చు. రాత్రంతా కదలని బండిలో అవి దాదాపు సమానంగా ఉంటాయి. కూలెంటు బాగా ఎక్కువ చూపిస్తే ఎవరో ముందే వేడి చేశారన్నమాట.


ఉక్కునగరం రిటైర్డ్

బానెట్టు మీద అరచేయి పెట్టినా అదే తెలుస్తుంది, బ్యాటరీ అక్కరలేదు. అయినా ఆ "అసంపూర్తి" సంగతి నాకు కొత్త. నీ స్కానరు ఆవిడకు ఇవ్వు. లప్పానికి మాత్రం కోడు రాదు సుమా.


మోటారు సర్వేయరు

ప్రమాదం జరిగిన కార్లు చూసి బీమా కంపెనీలకు నివేదికలు ఇవ్వడం నా పని. కాగితాల నుంచి రెండు సంగతులు చెబుతాను.

"ఒక్క గీత కూడా పడలేదు" అన్నవారిని పాత పాలసీ చూపించమనండి. అందులో నో క్లెయిమ్ బోనసు అని ఒక శాతం ఉంటుంది. క్లెయిము లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 దాకా పెరుగుతుంది. తొమ్మిదేళ్లుగా గీత పడని కారుకు 50 ఉండాలి. సున్నా ఉంటే నిరుడు క్లెయిము తీసుకున్నారు, లేదా పాలసీ మధ్యలో తెగిపోయింది. ఏదైనా అడగదగిన ప్రశ్నే. మరొక మాట, ఆ బోనసు మనిషిది, కారుది కాదు. మీ పేరున మారాక మీకు రాదు, ప్రీమియం లెక్క వేసుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

మునిగిన బండ్ల విషయం. మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటితే కంపెనీ పూర్తి నష్టం కింద డబ్బు ఇచ్చేస్తుంది. ఆ బండి తుక్కు కింద వేలానికి పోతుంది. తుక్కు కాకుండా కడిగించుకుని మళ్లీ రోడ్డెక్కినవి ఉన్నాయి.

అప్పు మీద కొన్న కారయితే ఆర్సీలో బ్యాంకు పేరు తొలగిందో లేదో చూడండి. దానికి ఫారం 35 కావాలి, పేరు మార్పుకు 29, 30. మీ చేతికి వచ్చిన 14 రోజుల్లోగా బీమా కంపెనీకి తెలపండి. తాళాలు తీసుకున్న తేదీ, గంట, నిమిషం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. పేరు మారేదాకా బాధ్యత ఆర్సీలో పేరున్నవారిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది కాబట్టి, నిజానికి ఈ తొందర అమ్మేవారికే ఎక్కువ ఉండాలి. చలానాలు ప్రభుత్వ పరివాహన్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని.


ఎంవీపీ టీచర్

అందరికీ నమస్కారాలు. ఈ వారం జరిగినది రాస్తున్నాను.

ముందు వ్యాగన్ ఆర్ దగ్గరికి వెళ్లాను. వెనక సీటు బెల్టు మొత్తం లాగాను. చివరి జానెడు మేర మట్టిరంగు గీత, అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు. వ్యాపారి చూసి, "పిల్లలు చాక్లెట్టు తిని ఉంటారమ్మా" అన్నారు. లెక్కల టీచరును కాబట్టి రెండో వైపు బెల్టు కూడా లాగాను. సరిగ్గా అదే ఎత్తున గీత. ఇద్దరు పిల్లలు ఒకే కొలతలో చాక్లెట్టు తిన్నారన్నమాట. సెలవు తీసుకున్నాను.

లాసన్స్ బే యజమానికి ముందురోజు ఫోను చేశాను. ఆరున్నరకు వెళితే బానెట్టు చల్లగా ఉంది. స్కానరు కూడా అదే చెప్పింది, రెండు ఉష్ణోగ్రతలూ 27, 28 డిగ్రీలు. ఆయన తాళం నా చేతికే ఇచ్చారు. పొగ లేదు, గలగల లేదు, మూతలన్నీ శుభ్రం. పాలసీలో బోనసు 50. సింహాచలం కొండ ఎక్కి దిగాం, మరిది వెనకాలే వచ్చాడు, ఏమీ కనిపించలేదన్నాడు. ఆ రోజు ఏసీ వేసి ఉంచింది నిజంగా మర్యాదకే. ఆయన మీద అనుమానపడినందుకు సిగ్గేసింది.

తిరిగి వచ్చాక అయస్కాంతం తీశాను. కుడివైపు అంతా టక్కుమని పట్టుకుంది. ఎడమవైపు వెనక చక్రం పైన, తలుపుల కింద రేకు మీద మూరెడు పొడవున జారిపోయింది. ఆ కారు నిలిపే చోట ఎడమవైపు సముద్రానికి ఉంటుంది. షెడ్డులో ర్యాంపు ఎక్కించి చూస్తే ఆ భాగం కింద మాత్రమే కొత్త నల్లపూత. బొటనవేలితో నొక్కితే లోపల కరకరమంది. నిరుడు డ్రైవరు "చిన్న బుడగలున్నాయి, బాగు చేయిస్తాను" అంటే డబ్బిచ్చారట, అంతకుమించి ఆయనకూ తెలియదు. 3 లక్షల 30 వేలకు ఇస్తానన్నారు. ఇంజిను ఇంత బాగుంది కదా, తీసుకోవచ్చా?


ఉక్కునగరం రిటైర్డ్

వద్దమ్మా. జాకీ ఆనించేది ఆ రేకు అంచుకే. పక్క నుంచి ఏదైనా గుద్దితే మీ నాన్నగారికి అడ్డంగా ఉండేదీ అదే. మూరెడు పైన కనిపించిందంటే లోపల ఎంత పోయిందో కోస్తే గాని తెలియదు. సముద్రానికి దూరంగా, కప్పు కింద నిలిపిన బండి చూడండి. పెందుర్తి, గోపాలపట్నం వైపు వెతకండి. కొంచెం ఎక్కువ తిరిగినదైనా ఫర్వాలేదు.


ఎంవీపీ టీచర్

నిన్న సాయంత్రం వెళ్లి వద్దని చెప్పి వచ్చాను. ఆయన ఏమీ అనలేదు. అయస్కాంతం ఒకసారి ఇమ్మన్నారు. కారు చుట్టూ తిరుగుతూ ఎడమవైపంతా తానే పెట్టి చూసుకున్నారు. తరువాత వచ్చి, "ఇది ఎక్కడ దొరుకుతుందమ్మా? నేనూ దీని బదులు పాత కారే చూస్తున్నాను" అన్నారు. సోమవారం ప్రయోగశాలలో అప్పగించాలి కాబట్టి ఆదివారం వరకు ఆయనకు అరువిచ్చి వచ్చాను.

గోపాలపట్నంలో ఒక 2017 బండి ఉందని తెలిసింది. 81 వేలు తిరిగింది. రేపు ఆరున్నరకు రమ్మన్నారు. మధురవాడ తమ్ముడూ, స్కానరు ఇంకో రెండు రోజులు ఉంచుకోవచ్చా?